మా నాయన గూడ్సు బండి, జిమ్మీ ఫారెస్ట్ శాక్సఫోను

మా నాయన రేణిగుంటలో గూడ్సు గార్డు. 2022లో ఆ ఉద్యోగానికి ట్రెయిన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, అప్పటికే రిటైరైపోయిన ఆయన ఆ పేరు ఒక్కసారి కూడా పలకగా నేను వినలేదు. చిన్నప్పుడు ఆయన నాకొక లెక్క నేర్పించాడు. పాతకాలం పట్టాలు 13 మీటర్ల ముక్కలు. అతుకు మీదికి చక్రం ఎక్కినప్పుడల్లా టక్కుమంటుంది. వాచీ చూసుకుంటూ 47 సెకండ్లలో ఎన్ని అతుకులు దాటామో లెక్కపెడితే బండి గంటకు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఇప్పుడు పట్టాలు చాలావరకు వెల్డింగు చేసి అతికేశారు కాబట్టి ఆ చప్పుడూ లేదు, ఆ లెక్కా లేదు.

ఇదంతా ఎందుకంటే, ఈ మధ్య నేను ఒకే బాణీని పదే పదే వింటున్నాను. పేరు 'నైట్ ట్రెయిన్'. జిమ్మీ ఫారెస్ట్ అనే సెయింట్ లూయిస్ శాక్సఫోను ఆయన 1951 నవంబరులో షికాగోలోని యునైటెడ్ అనే చిన్న కంపెనీకి రికార్డు చేశాడు. మరుసటేడు అమెరికాలో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. పాడేవాళ్లెవరూ లేరు, అంతా వాద్యాలే, ముందు నిలబడింది టెనర్ శాక్సఫోను, అంటే కాస్త మంద్రంగా పలికేది. శాక్సఫోనంటే మా ఇంట్లో కద్రి గోపాల్‌నాథ్ గారే. ఆయనది ఆల్టో, టెనర్ కంటే సన్నని గొంతు, తేనెలాగా జారుతుంది. ఫారెస్ట్‌ది బొంగురు గొంతు, రాత్రంతా నిద్ర లేని మనిషి మాట్లాడినట్టుంటుంది.

బాణీ చెప్పుకోవాలంటే పెద్దగా ఏమీ లేదు. ముందుకు రెండడుగులేసి వెనక్కి ఒరిగినట్టుండే చిన్న ముక్క, అదే మళ్లీ మళ్లీ, కింద పన్నెండు బార్ల బ్లూస్, అంటే పన్నెండు తాళావర్తాలకొకసారి మొదటికొచ్చే వరస. అసలు మజా మధ్యలో ఉంది. వాద్యాలన్నీ ఉన్నట్టుండి ఆగిపోయి ఒంటి దెబ్బ ఒకటి వేసి ఊరుకుంటాయి, ఆ ఖాళీలో శాక్సఫోను ఒక్కటే ఊగుతూ వెళ్లి, మళ్లీ దెబ్బ పడే వేళకు ఠంచనుగా వచ్చి నిలబడుతుంది. మా గంగ జాతరలో పలకలవాళ్లు ఇలాగే చేస్తారు. మోత మోగించి మోగించి ఒక్కసారిగా ఆపి, ఒకే ఒక్క దెబ్బ వేస్తారు చూడండి, ఆ నిశ్శబ్దంలోనే కాళ్లు ఆగకుండా ఆడతాయి. ఈ రికార్డులో చేత్తో వాయించే కాంగా డ్రమ్ములకీ పలకకీ చుట్టరికం ఏదో ఉండే ఉంటుందని నాకొక అనుమానం, ఆధారం మాత్రం ఏమీ లేదు.

సరే, ఈ బాణీ ఎవరిది అని తవ్వడం మొదలుపెడితే అక్కడ ఇరుక్కుపోయాను. రచయితలుగా ఫారెస్ట్ పేరుంది, పక్కనే ఆ కంపెనీ యజమానుల్లో ఒకరైన లూయిస్ సింప్కిన్స్ పేరు, ఆస్కార్ వాషింగ్టన్ పేరు. కానీ ఫారెస్ట్ అంతకుముందు జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో కొన్నాళ్లు వాయించాడు. ఎల్లింగ్టన్ 1946లో అమెరికా దక్షిణాది మీద కట్టిన పెద్ద రచనలో 'హ్యాపీ గో లక్కీ లోకల్' అనే భాగం ఉంది. అది వింటే ఈ ముక్క అందులో స్పష్టంగా దొరుకుతుంది. ఎల్లింగ్టన్‌దేనా అంటే, అదీ కాదు. 1940లో ఆయన బృందంలోని శాక్సఫోను ఆయన జానీ హాడ్జెస్ పేరుతో వచ్చిన రికార్డులోనే అది ఉంది. అంటే బండి మూడో స్టేషన్‌కు వచ్చాక ఎక్కిన ఆయన రిజర్వేషన్ చార్టులో తన పేరు రాయించుకున్నాడు.

అలాగని ఫారెస్ట్‌ను దొంగ అనడం నాకు ఇష్టం లేదు. ఆ ఆగిపోయి ఊగే సోలో ఎల్లింగ్టన్‌లో లేదు, ఫారెస్ట్‌ది. ఆ బరువు కూడా ఆయనదే. ఎల్లింగ్టన్ బండి ప్రతి చెట్టు కిందా ఆగే ప్యాసింజరు, కిటికీలోంచి అందరినీ పలకరిస్తూ పోతుంది. ఆయన బృందమే ఆ రోజుల్లో సొంతంగా అద్దెకు తీసుకున్న రైలు బోగీల్లో తిరిగేది, నల్లవాళ్లకు హోటల్లో గది ఇవ్వని ఊళ్లలో బోగీలోనే పడుకునేవాళ్లు. రైలు చప్పుడు ఆయనకు ఊహలోంచి వచ్చింది కాదు.

అన్నమయ్య కీర్తనలతో పోల్చుకుంటే నాకు నవ్వొస్తుంది. మనకు రాగిరేకుల మీద మాటలు మిగిలాయి, రాగం పేరు మిగిలింది, వరస మాత్రం పోయింది. రాళ్లపల్లి వారు, నేదునూరి వారు లాంటి పెద్దలు మళ్లీ వరసలు కట్టాల్సి వచ్చింది. 'నైట్ ట్రెయిన్'కి తర్వాత మాటలు కూడా రాశారు, అవి ఎవరికీ గుర్తు లేవు, వరస మాత్రం అందరి నోటా ఉంది.

ఇక తిరిగి వాయించినవాళ్ల సంగతి. 1952లోనే బడ్డీ మారో అనే తెల్ల బ్యాండు లీడరు ట్రాంబోన్ మీద వాయించి ఆర్‌సీఏ విక్టర్ లాంటి పెద్ద కంపెనీలో వదిలాడు. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసినట్టుంటుంది, నాకు ఎక్కలేదు. ఇంగ్లండులో జార్జీ ఫేమ్ అనే గాయకుడు 1963లో లండన్ ఫ్లెమింగో క్లబ్బులో రికార్డు చేసిన ఆల్బమ్‌ను దీంతోనే మొదలుపెట్టాడు, అది బాగుంటుంది, జనం కేకలు కూడా వినిపిస్తాయి. సానీ లిస్టన్ అనే బాక్సింగు ఛాంపియన్ తాడాట ఆడేది ఈ బాణీ మీదేనట.

నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి ఆస్కార్ పీటర్సన్ ట్రయో, అంటే ముగ్గురి బృందం, 1962 డిసెంబరులో వాయించింది. పీటర్సన్ పియానో, రే బ్రౌన్ బేసు, ఎడ్ థిగ్‌పెన్ డ్రమ్ములు. మెల్లగా, పై బెర్తు మీద దుప్పటి కప్పుకుని పడుకుంటే కింద పట్టాలు వినబడినట్టుంటుంది. పీటర్సన్ తండ్రి మాంట్రియల్‌లో రైల్వే పోర్టరు. ఆ సంగతి తెలిశాక ఇంకోసారి విన్నాను. రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్లవాడిని కాబట్టి పక్షపాతం ఉండొచ్చు.

రెండోది అమెరికా సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్‌ది. 1961లో రికార్డు చేశాడు, డ్రమ్ములు తనే వాయించాడు, పాట లేదు, ఊళ్ల పేర్లు అరుస్తాడు అంతే: మయామీ, అట్లాంటా, రాలీ, వాషింగ్టన్... ఇది ఎక్స్‌ప్రెస్. వేగానికి బండి బోగీలన్నీ అదురుతాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు నారాయణాద్రి గుర్తొచ్చింది, గూడూరు వైపు పోతుంటే రేణిగుంట, శ్రీకాళహస్తి, వెంకటగిరి అని నాయన వరసగా చెప్పడం గుర్తొచ్చింది. ఊళ్ల పేర్లు చాలు, ఇంకే సాహిత్యం అక్కర్లేదు.

మొన్న తిరుపతి వెళ్లినప్పుడు మిద్దె మీద కూర్చుని నాయనకు వినిపించాను. ఇయర్‌ఫోన్లు వద్దన్నాడు, చిన్న బ్లూటూత్ స్పీకరు పెట్టాను. ముందు ఫారెస్ట్. కళ్లు మూసుకుని, వేలితో మోకాలి మీద కొట్టుకుంటూ, కాసేపటికి, "ఇది లోడు బండి రా. నిండా బొగ్గు. ఇంజను గట్టిగా పీకతా ఉండాది, ఎత్తు ఎక్కతా ఉండాది" అన్నాడు. దానికి ఆ పేరెందుకు పెట్టారో నేను చెప్పలేదు, రైలని కూడా చెప్పలేదు.

పీటర్సన్‌కు ఏమీ అనలేదు. మా అమ్మ మాత్రం, "ఇది బాగుంది, ఇదే పెట్టు" అని ఆరేసిన బట్టలు తీసుకుంటూ అంది.

జేమ్స్ బ్రౌన్ వచ్చేసరికి నాయన నిటారుగా కూర్చున్నాడు. ఏం అరుస్తున్నాడు అంటే స్టేషన్ల పేర్లన్నాను. ఏ లైను అని అడిగాడు. ఫోనులో అమెరికా మ్యాపు తెరిచి మయామీ నుంచి పైకి ఒక్కో ఊరూ చూపిస్తూ పోయాను. వాషింగ్టన్ తర్వాత రిచ్‌మండ్ అని వచ్చింది. మ్యాపులో రిచ్‌మండ్ కిందుంది, వాషింగ్టన్ పైనుంది. నాయన కళ్లద్దాలు పైకి తోసుకుని స్క్రీను మీద రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు, పాట మళ్లీ మొదటి నుంచి పెట్టించుకున్నాడు, పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"ఏమప్పా ఇది, రిచ్‌మండ్ దాటిపోయినాక పేరు పిలిస్తే ఆడ దిగాల్సినోళ్ల గతేమి?" అన్నాడు.