ఎల్క్ కోసం బుల్లెట్: ముందు వేగం, తర్వాతే బరువు

రీలోడింగ్ (తూటాలు సొంతంగా కట్టుకోవడం) మొదలుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది "180 గ్రెయిన్లు కొననా, 165 కొననా?" అని. ఆ ప్రశ్న మూడోదో నాలుగోదో అవ్వాలి. ముందు తేలాల్సింది రెండు అంకెలు: మీ బుల్లెట్ జంతువుని తాకేటప్పుడు ఎక్కువలో ఎక్కువ ఎంత వేగంతో ఉంటుంది, తక్కువలో తక్కువ ఎంత వేగంతో ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ తగిలినా సరిగ్గా విచ్చుకుని, చివరిదాకా దూసుకుపోయే బుల్లెట్టే మీది. బరువు, పేరు, పెట్టె మీద బొమ్మ అన్నీ ఆ తర్వాత.

ఉదాహరణకి కొలరాడోలో ఎల్క్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) వేట, చేతిలో .30-06 రైఫిల్ (.30-06 అనేది తూటా కొలత పేరు) తీసుకుందాం. మాటల్లో తూటానీ బుల్లెట్నీ కలిపేస్తుంటాం గానీ, ఇక్కడ తూటా అంటే కేసు (ఇత్తడి గొట్టం), ప్రైమర్ (నిప్పు రాజేసేది), పౌడర్, బుల్లెట్ నాలుగూ కలిసింది. బుల్లెట్ అంటే బారెల్లోంచి బయటికి పోయే గుండు ఒక్కటే. దాని బరువుని గ్రెయిన్లలో చెప్తారు. పౌండుకి 7,000 గ్రెయిన్లు, అంటే 180 గ్రెయిన్ల బుల్లెట్ దాదాపు 11.7 గ్రాములు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ, అమ్యునిషన్ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ చట్టం లెక్కలో ఖాళీ కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్ విడివిడిగా ఉన్నా అమ్యునిషనే. తుపాకీ స్నేహితుడిది, నేను కొన్నది బుల్లెట్ల డబ్బా మాత్రమే అంటే చెల్లదు.

కొలరాడో నిబంధన చాలా తక్కువ అడుగుతుంది: ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం), కనీసం 85 గ్రెయిన్లు, విచ్చుకునే రకం బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి. .30-06లో 180 గ్రెయిన్లు సెకనుకి 2,700 అడుగుల వేగంతో బయల్దేరితే బారెల్ మూతి దగ్గరే 2,900 ఫుట్-పౌండ్ల పైన ఉంటుంది. కాబట్టి చట్టం గురించి దిగులు లేదు. అయితే ఆ శక్తి లోపలికి ఎంత లోతుకి వెళ్తుందో ఈ అంకె చెప్పదు.

ఇక రెండు అంకెలు. సెకనుకి 2,700 అడుగులతో బయల్దేరిన 180 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్ 30 గజాల్లో పొదచాటున తగిలితే ఇంకా 2,600 పైనే ఉంటుంది. 300 గజాల్లో సుమారు 2,130కి, 500 దగ్గర 1,800 చుట్టుపక్కలకి దిగుతుంది. ఇవి సముద్రమట్టం లెక్కలు. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో గాలి పల్చన కాబట్టి వేగం ఇంకొంచెం నిలుస్తుంది. మీ గరిష్ఠ దూరం 350 గజాలనుకుంటే తాకే వేగం 2,000 నుంచి 2,650 వరకు. ఇది చాలా సుఖమైన పరిధి, .30-06 ఇన్నేళ్లు బతికింది ఇందుకే. అదే 150 గ్రెయిన్లని ఇంకా ఎక్కువ పౌడర్ పట్టే మ్యాగ్నమ్ తూటా .300 విన్‌మ్యాగ్‌లో 3,200 పైన తోలి 40 గజాల్లో భుజం ఎముక మీద కొడితే మామూలు బుల్లెట్ పైపైనే చితికిపోతుంది. తప్పు క్యాలిబర్‌ది కాదు, ఆ వేగానికి ఆ నిర్మాణం సరిపోలేదు, అంతే.

నిర్మాణం దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. అన్నిటికన్నా పాతదీ చవకదీ రాగి తొడుగులో సీసం పోసింది. హార్నడీ ఇంటర్‌లాక్, సియెర్రా గేమ్‌కింగ్, స్పీర్ హాట్‌కోర్ ఈ కోవవే. సీసానికీ తొడుగుకీ మధ్య గట్టి బంధం ఉండదు. జింకకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 2,500 లోపు వేగంలో పక్కనుంచి ఊపిరితిత్తుల మీద కొడితే ఎల్క్‌కీ సరిపోతుంది. కానీ ఎదురు కోణంలో, భుజం కీలు మీద దగ్గర్లో తగిలితే తొడుగు ఒక దారి, సీసం ఒక దారి పడతాయి.

ఈ సమస్యకి పాత జవాబు నోస్లర్ పార్టిషన్. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ (ఎల్క్ కంటే పెద్ద దుప్పి జాతి) వేటలో బుల్లెట్లు లోతుకి పోకపోవడం చూసి జాన్ నోస్లర్ మొదలుపెట్టిన పని అది. 1948కల్లా కంపెనీ పెట్టాడు. ఒక పార్టిషన్‌ని వైస్‌లో బిగించి ఆకురాయితో నిలువునా సగానికి అరగదీసి చూడండి, ఉపాయం ఒక్కచూపులో అర్థమవుతుంది. నడుమ దగ్గర రాగి గోడ అడ్డంగా ఉంటుంది, ముందు గదిలో సీసం, వెనక గదిలో సీసం. ముందు భాగం పువ్వులా విచ్చుకుని చాలావరకు రాలిపోతుంది. గోడ వెనక భాగం చెక్కుచెదరకుండా ముందుకు పోతూనే ఉంటుంది. దొరికిన బుల్లెట్ తూకం వేస్తే మూడింట రెండు వంతుల దగ్గర వస్తుంది. అది చూసి "విరిగిపోయింది" అనుకోకండి, అది దాని స్వభావం.

బాండెడ్ బుల్లెట్లలో (అక్యుబాండ్ అందరికీ తెలిసినది) సీసాన్ని తొడుగుకి అతికేస్తారు. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్‌లో గోడా ఉంటుంది, ముందు భాగానికి అతుకూ ఉంటుంది. అందుకే దాని బరువు చాలా కొద్దిగానే తగ్గుతుంది, ధర మాత్రం గుండె ఝల్లుమనిపిస్తుంది. నన్నడిగితే .30-06 వేగానికి ఎ-ఫ్రేమ్ అవసరం లేదు. మ్యాగ్నమ్ వాళ్లకి వదిలేయండి.

పూర్తి రాగి బుల్లెట్లు, ఉదాహరణకి బార్న్స్ టిటిఎస్‌ఎక్స్, వేరే జాతి. సీసం లేదు, ముక్కు దగ్గర బోలు, తగలగానే రేకులుగా విడిపోతుంది, బరువు దాదాపు మొత్తం నిలుస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం పూర్తిగా నిషేధం, అక్కడ ఇక ఆలోచనే అక్కర్లేదు. పిల్లలు తినే మాంసం అయితే మిగతా చోట్ల కూడా నా ఓటు దీనికే. సీసం తునకలు గాయం నుంచి అంగుళాల దూరం చెదిరిపోతాయి, కూరలో పంటికి కూడా తగలవు.

రాగితో రెండు చిక్కులున్నాయి. ఒకటి, వేగం తగ్గితే రేకులు తెరుచుకోవు, సూదిలా అటునుంచి ఇటు పోతుంది. తయారీదారు చెప్పిన కనీస వేగం చూసి, దాని మీద ఒక 200 అడుగులు కలుపుకుని మీ గరిష్ఠ దూరం గీసుకోండి. రెండోది సాంద్రత. సీసం 11.3, రాగి 9 లోపే. అదే బరువుకి రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పొడవైతే కేసు లోపల ఎక్కువ చోటు తింటుంది, ఒత్తిడి పెరుగుతుంది. పొడవైనదాన్ని నిలబెట్టడానికి బారెల్ మెలిక కూడా సరిపోవాలి. .30-06లో మామూలుగా 10 అంగుళాలకి ఒక చుట్టు కాబట్టి ఇబ్బంది లేదు. 12 అంగుళాలకి ఒక చుట్టున్న పాత .308 బారెళ్లలో మాత్రం చూసుకోవాలి. దీనికి ఉపాయం సులువు: రాగి అయితే ఒక మెట్టు తేలిక. 180 బదులు 165 లేక 168 తీసుకోండి. అది బరువు పోగొట్టుకోదు కాబట్టి లోతులో తేడా కనపడదు.

ఇప్పుడు బరువు. పౌండ్లలో బరువుని అంగుళాల్లో వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చేది సెక్షనల్ డెన్సిటీ, లోతుకి దిగే సత్తాకి ఒక గుర్తు. .308 అంగుళాల వ్యాసానికి 150 గ్రెయిన్లు .226, 165 అయితే .248, 180 అయితే .271, 200 అయితే .301. సీసం బుల్లెట్‌తో ఎల్క్ అంటే .270 దగ్గరికి రమ్మంటాను, అంటే 180. కానీ ఈ అంకె కాల్చకముందు బుల్లెట్‌ది. సగం రాలిపోయాక దాని విలువ సగమే. నిర్మాణం ముందు, బరువు తర్వాత అనేది అందుకే.

బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (గాలిలో వేగం నిలుపుకునే సత్తాకి అంకె) గురించి ఎక్కువ చెప్పను. 180 పార్టిషన్‌ది .474, 180 అక్యుబాండ్‌ది .507. మూడొందల గజాల్లో ఆ తేడా మీ ట్రిగ్గర్ వేలి తప్పులో కలిసిపోతుంది. ఇంకోటి, మ్యాచ్ బుల్లెట్లు (గురి పోటీలకి చేసినవి) ఎంత గురిగా పోయినా వేటకి వద్దు. సియెర్రా తన మ్యాచ్‌కింగ్‌ని వేటకి సిఫారసు చేయదు. దాని ముక్కులో కనిపించే రంధ్రం విచ్చుకోవడానికి పెట్టింది కాదు.

కొన్నాక బెంచ్ మీద మొదటి పని పౌడర్ కాదు, పొడవు. .30-06 తూటాకి ప్రమాణ గరిష్ఠ పొడవు 3.340 అంగుళాలు. ముందు మీ మ్యాగజైన్ పెట్టె లోపలి పొడవు కొలవండి. తర్వాత ఆ బుల్లెట్‌తోనే బారెల్ గాడుల (బుల్లెట్‌ని తిప్పే మెలిక గాళ్లు) దాకా దూరం కొలవాలి. ప్రైమర్, పౌడర్ లేని ఖాళీ కేసులో బుల్లెట్‌ని కావాలని పొడవుగా బిగించి, ముక్కు వంపుని మార్కర్‌తో నల్లగా పూయండి. బోల్ట్‌ని నెమ్మదిగా మూసి తీస్తే నలుపులో చిన్న చదరపు గీతలు పడతాయి. డైని (బుల్లెట్‌ని కేసులో కూర్చే పనిముట్టు) కొద్దికొద్దిగా దింపుతూ మళ్లీ మళ్లీ చూడండి. గీతలు మాయమైన చోటే గాడుల అంచు. కొలత ముక్కు కొస నుంచి తీయొద్దు, కొసలు ఒకే డబ్బాలోనూ ఒకటిగా ఉండవు. కంపారేటర్ (కొస బదులు వంపుని పట్టుకునే ముక్క) బిగించిన కాలిపర్‌తో వంపు దగ్గర తీయాలి. బుల్లెట్ రకం మారితే ఈ పనంతా మొదటి నుంచి.

సీసం బుల్లెట్‌ని గాడులకి 20 నుంచి 40 వేల వంతుల (అంగుళంలో వెయ్యో వంతులు, అంటే 0.020 నుంచి 0.040 అంగుళాలు) వెనక మొదలుపెట్టొచ్చు. టిటిఎస్‌ఎక్స్‌కి 50 వేల వంతుల దూరం మంచి మొదలు. రాగిని గాడులకి ఆనించి కాల్చడం ఒత్తిడిని పిలిచి పీట వేసినట్టే.

పౌడర్ కొలత ఇక్కడ రాయను. అది మీ బుల్లెట్ తయారీదారు మాన్యువల్‌లో, మీ బుల్లెట్ పేరు ఉన్న పేజీలోనే చూడాలి. "రెండూ 180 కదా" అని ఒకదాని లెక్క ఇంకోదానికి వాడేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. బారెల్‌ని ఒరుసుకునే పొడవు, తొడుగు గట్టితనం, లోపల తినే చోటు అన్నీ వేరు. మాన్యువల్ మొదటి కొలతతో మొదలుపెట్టి అర గ్రెయిన్ చొప్పున ఎక్కండి. బోల్ట్ ఎత్తడం బరువైతే, కేసు అడుగున మెరుపు మచ్చ పడితే ఆగడం కాదు, వెనక్కి దిగాలి. ఆ గుర్తులు కనపడేసరికే హద్దు దాటి ఉంటారు. వాటికంటే ముందు పట్టిచ్చేది క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం): మాన్యువల్ గరిష్ఠ వేగం తక్కువ పౌడర్‌తోనే వచ్చేస్తుంటే ఒత్తిడి అప్పటికే అక్కడ ఉన్నట్టు.

సీసం నుంచి రాగికి మారేటప్పుడు బారెల్‌ని రాగి మరక పోయేదాకా శుభ్రం చేసి, గురి సంగతి తేల్చే ముందు పది రౌండ్లు కాల్చండి. మూడు రౌండ్ల గుంపు చూసి మురిసిపోవద్దు. పది రౌండ్లు 100 గజాల్లో అంగుళంన్నరలో పడితే ఎల్క్‌కి చాలు. పార్టిషన్, టిటిఎస్‌ఎక్స్ డబ్బాకి 50 వస్తాయి కాబట్టి ప్రాక్టీసుకి అదే బరువు ఇంటర్‌లాక్ 100 డబ్బా కొనండి. దానికీ వేరే పౌడర్ లెక్క, వేరే పొడవు రాసుకుని డబ్బా మీద అతికించాలి.

ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇంకోటుంది. మ్యాగజైన్‌లో నాలుగు తూటాలు నింపండి. అన్నిటికన్నా కింద ఉన్నదాని పొడవు కంపారేటర్‌తో ముందే కొలిచి రాసుకోండి. పై మూడూ కాల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవండి. రెండు మూడు వేల వంతులు మారితే ఎదురుతన్నుకి బుల్లెట్ కేసు మెడలో జరుగుతున్నట్టు. క్రింప్ గాడి లేని బుల్లెట్‌ని క్రింప్ చేసి (కేసు అంచుని బుల్లెట్ మీదకి నొక్కి) సరిచేయాలని చూడకండి. సైజింగ్ డైలో (కేసుని మళ్లీ కొలతకి నొక్కేది) ఎక్స్‌పాండర్ గుండు (కేసు మెడని లోపల్నుంచి వెడల్పు చేసేది) తీసి కొలవండి. అది .308 కంటే రెండు వేల వంతులైనా సన్నగా లేకపోతే తప్పు అక్కడుంది. అది బాగుంటే కేసులు ఎన్నిసార్లు వాడారో చూసుకోండి, మెడ గట్టిపడిన ఇత్తడి బుల్లెట్‌ని పట్టుకోదు.