అర్చన అవార్డు కోసం నల్లగొండలో నేను చేసిన వాదన

1988 సినిమాలకు ఇచ్చిన 36వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ‘దాసి’కి అయిదు వచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, కాస్ట్యూమ్స్‌కు మా మిర్యాలగూడ సుదర్శన్. బి.నర్సింగరావు తీసిన సినిమా.

నల్లగొండలో మేం కొంతమందిమి అప్పుడప్పుడు కలిసి ఒక పాత సినిమా మీద మాట్లాడుకుంటాం. ఈసారి అర్చనకు ఆ అవార్డు దక్కడం న్యాయమా అని చర్చ పెట్టారు. న్యాయమే అని నేను మాట్లాడాలి, కాదని ఒక రిటైర్డ్ తెలుగు సారు మాట్లాడాలి. సారు ముందే ఫోన్ చేసి తన వాదన చెప్పేశారు. “అదే ఏడు ‘స్వర్ణకమలం’ వచ్చింది. భానుప్రియను చూసినంక ఇంకొకరికి ఎట్లిస్తరమ్మా? పైగా అర్చనకు అంతకుముందు ఏడాదే తమిళంల ‘వీడు’కు ఇచ్చిన్రు గద.”

రెండూ గట్టి మాటలే. నాకు టెన్షన్ పట్టుకుంది.

రెండోదానికి జవాబు తొందరగానే దొరికింది. షబానా ఆజ్మీకి ‘అర్థ్’, ‘ఖండహర్’, ‘పార్’ సినిమాలకు వరుసగా మూడేళ్లు ఇదే అవార్డు ఇచ్చారు. ఏ ఏడు నటన ఆ ఏడుదే.

భానుప్రియ సంగతే కష్టం. ‘స్వర్ణకమలం’ మళ్లీ చూశాను. కూచిపూడి నేర్చిన ఇంట్లో పుట్టి, ఆ నాట్యం కూడు పెట్టదని విసుక్కునే మీనాక్షి. అల్లరి, కోపం, అడుగులు, చివరికి ఆమెలో వచ్చే మార్పు, ఎక్కడా వంక పెట్టలేం. ఆ ఏడాది నంది ఆమెకే వచ్చింది, రావలసిందే. ఆమెను తక్కువ చేసి అర్చనను గెలిపించడం నాకు ఇష్టం లేదు.

అందుకని ‘దాసి’ని ఈసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. తీసేసినా పోయింది చాలా తక్కువ. అసలే మాటలు తక్కువున్న సినిమా. 1920ల నాటి గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, అర్చన వేసిన దాసి కమలాక్షి పొద్దంతా పని చేస్తూనే ఉంటుంది. పిలుపు వస్తే లేస్తుంది, పోతుంది, మళ్లీ పనిలో పడుతుంది. దొర పిలిచినా అంతే. మీనాక్షికి తన మనసు చెప్పుకోవడానికి మాటలున్నాయి, పాటలున్నాయి, నాట్యముంది. కమలాక్షికి ఏదీ లేదు. ఎదురు చెప్పడం కాదు, ఏడవడానికి కూడా వీలు లేని మనిషి. ఆ మనిషి లోపల ఏం జరుగుతున్నదో మనకు తెలియాలంటే నటికి నడక, వంగడం, చూపు తప్ప వేరే ఆధారం లేదు. నా వాదన అక్కడ దొరికింది.

అయినా గడీ అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదివిందే. దేవరకొండ దిక్కు మా పెద్దమ్మ ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ కొంగు పట్టుకుని దొర ఇంటికి వెట్టికి పోయిన మనిషి. ఆమె పక్కన కూర్చుని ఫోన్‌లో సినిమా పెట్టాను. పెద్దమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, ఫోన్ దగ్గరికి గుంజుకుని చాలాసేపు ఏమీ అనలేదు. కథ గురించి అడిగితే కథ చెప్పలేదు. “గా పిల్ల వంగుడు జూడు బిడ్డా. నడుము నొస్తున్నా నొస్తలేనట్టు వంగుతది. మాయమ్మ గట్లనే వంగేది” అంది. మరికాసేపటికి చీర మీద వేలు పెట్టింది. “గిది కట్టి కట్టి, పిండి పిండి పాతగైన చీరె. కొత్తదానికి మట్టి పూసి పెట్టిండ్లనుకున్నవా?”

పెద్దమ్మకు అవార్డుల సంగతి తెలియదు. కానీ రెండు అవార్డులకు కారణం ఆమె నోటి నుంచే వచ్చింది. బొమ్మలేసే మనిషి అయిన సుదర్శన్ గారిని తర్వాత అందరూ ‘దాసి సుదర్శన్’ అనే పిలిచారు. ఆ పేరు ఎంత సరైనదో నాకు ఆ రోజు తెలిసింది. ఆ చీర లేకపోతే ఆ వంగడం మనం నమ్మం. ఆ వంగడం రాని నటికి ఆ చీర కట్టినా వృథాయే.

చర్చ రోజు ముందు సారు మాట్లాడారు, చాలా బాగా మాట్లాడారు. ఆయన వంతు అయ్యాక నేను కాగితం పక్కన పెట్టేసి పెద్దమ్మ చెప్పింది చెప్పాను. కొందరు ఈ సినిమాను ఎప్పుడో దూరదర్శన్‌లో చూసినవాళ్లు. వాళ్ల తలలు ఊగుతుంటే ధైర్యం వచ్చింది.

సారు అంత తేలిగ్గా వదలలేదు. “దాసీ కష్టం చూసి జ్యూరీ జాలిపడ్డదేమో. జాలికి, నటనకు తేడా లేదా?” అన్నారు. ఆ రోజు అడిగినవాటిలో అసలైన ప్రశ్న అది. కడుపు తీయించుకోవాలని దొరసాని బలవంతం చేసే ఘట్టాన్ని గుర్తు చేశాను. జాలి కోసం చేసే నటి ఎవరైనా అక్కడ మన వైపు తిరిగి ఏడుస్తుంది. అర్చన ఏమీ అడగదు. మనల్నే కాదు, గడీలో ఎవరినీ అడగదు. అడిగితే వస్తుందన్న ఆశ ఎన్నడూ ఎరగని మనిషిగానే చివరిదాకా ఉంటుంది. చూసేవాళ్లకు కోపం వస్తుంది, అది దొర మీద.

వరుసగా రెండేళ్లు అన్న అభ్యంతరాన్ని సారు వెనక్కి తీసుకున్నారు. భానుప్రియ విషయంలో మాత్రం ఆయన మాట ఆయనదే. ‘దాసి’ మళ్లీ చూస్తానని, సౌండ్ తీసేసి చూస్తానని నా దగ్గర లింక్ తీసుకున్నారు.