హిచ్‌కాక్ సినిమాలు పాజ్ చేసి చూసిన నాలుగు నెలలు

నేను రాసిన షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ చదివి ఒక ఫ్రెండ్ అన్నాడు, "హంతకుడెవరో చివరిదాకా బాగానే దాచావు గానీ, చదువుతున్నంతసేపూ నాకు ఎక్కడా టెన్షన్ రాలేదు" అని. ఆ మాటకి రెండు రోజులు సరిగ్గా నిద్రపట్టలేదు. సస్పెన్స్ అంటేనే దాచడం అనుకుని రాశాను మరి. దాచడం బాగుండి కూడా టెన్షన్ రాలేదంటే నాకు అసలు విషయమే తెలియదన్నమాట. అప్పుడు కూర్చున్నాను, సస్పెన్స్ సినిమాలకి పెట్టింది పేరైన ఇంగ్లీషు దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ సినిమాల ముందు.

1925 నుంచి 1976 దాకా ఆయన యాభైకి పైగా సినిమాలు తీశారు, అన్నీ చూడటం నా వల్ల కాదు కాబట్టి ఇరవై రెండు పెట్టుకున్నాను. మొదటి మూడు వారాలు దండగైపోయాయి. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని 'సైకో' పెడతాను, పది నిమిషాల్లో కథలో పడిపోతాను, అయిపోయాక చూస్తే పేజీ ఖాళీ. మళ్లీ మొదలుపెట్టినా అంతే. తర్వాత ఒక పద్ధతి కుదిరింది. మొదటిసారి లైట్లు ఆపేసి మామూలు ప్రేక్షకుడిలా పూర్తిగా చూడటం, మర్నాడు రిమోట్ చేతిలో పట్టుకుని ఒకే ఒక్క సీన్ మీద కూర్చోవడం, మూడోసారి అదే సీన్ మ్యూట్‌లో. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు 'పాత్రకి తెలిసింది', కుడివైపు 'మనకి తెలిసింది' అని రాసుకునేవాణ్ణి. నాకు వచ్చిన కాస్తో కూస్తో జ్ఞానం ఆ గీత వల్లే వచ్చింది.

బల్ల కింద బాంబు సంగతి సినిమా పిచ్చి ఉన్న అందరికీ తెలిసిందే. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణల్లో హిచ్‌కాకే చెప్పారు. మనుషులు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న బల్ల కింద బాంబు ఉందని మనకి చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల అదురు, ముందే చెబితే పదిహేను నిమిషాల సస్పెన్స్. నేనూ ఎన్నోసార్లు చదివాను, తలూపాను, కానీ 1936 నాటి 'సాబొటాజ్' చూసేదాకా అది నాకు నిజంగా ఎక్కలేదు. అందులో స్టీవీ అనే పిల్లాడి చేతికి ఫిల్మ్ డబ్బాలతో పాటు ఒక పొట్లం ఇచ్చి పంపుతారు. అందులో బాంబు ఉందని, 1:45కి పేలుతుందని మనకి తెలుసు, వాడికి తెలియదు. దారిలో టూత్‌పేస్ట్ అమ్మేవాడు ఆపుతాడు, ఊరేగింపు అడ్డొస్తుంది, బస్సులో పక్కన ఒక కుక్కపిల్ల, వాడు దాంతో ఆడుకుంటుంటాడు, మధ్యమధ్యలో గడియారాలు. నా పేజీలో ఎడమవైపు ఒక్క ముక్క లేదు, కుడివైపు నిండిపోయింది. పొట్లం పేలిపోతుంది, పిల్లాడు చచ్చిపోతాడు. అలా చంపడం తప్పయిందని హిచ్‌కాకే తర్వాత ఒప్పుకున్నారు, ప్రేక్షకుణ్ణి అంతసేపు భయపెట్టాక ఊపిరి పీల్చుకోనివ్వాలని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు కూర్చున్నది 'నొటోరియస్' దగ్గర. 1946 సినిమా. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ చేసిన అలీసియా గూఢచర్యం కోసం రియోలో ఒక నాజీ మనిషిని పెళ్లి చేసుకుంటుంది. ఇంట్లో పెద్ద పార్టీ. అంతకుముందే మొగుడి తాళాలగుత్తిలోంచి వైన్ గది తాళంచెవి తీసింది. ఆ గుత్తి దగ్గరున్నప్పుడే మొగుడు వచ్చేసి, ప్రేమగా రెండు చేతులూ పట్టుకుని ఒక గుప్పిట విప్పి ముద్దు పెడతాడు, తాళంచెవి రెండో గుప్పిట్లో ఉంది! ఆమె అమాంతం అతని మెడచుట్టూ చేతులు వేసేస్తుంది, తాళంచెవి అతని వీపు వెనక జారి కిందపడితే కాలితో పక్కకి నెట్టేస్తుంది. ఈ ఒక్క ముక్కనీ నేను పదకొండుసార్లు వెనక్కి తిప్పాను. తర్వాత పార్టీలో కెమెరా పై అంతస్తు నుంచి హాలంతా చూపిస్తూ దిగి దిగి, ఆమె గుప్పిట్లోని తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఆ షాట్ గురించి అందరూ చెబుతారు. నాకు అంతకంటే గొప్పగా అనిపించింది ఐసులో పెట్టిన షాంపేన్ సీసాలు. మాటిమాటికీ వాటిని చూపిస్తారు, ప్రతిసారీ తగ్గిపోతుంటాయి. అవి అయిపోతే మొగుడు వైన్ గదికి వెళ్తాడు, వెళ్తే తాళంచెవి లేదని తెలిసిపోతుంది. గోడ గడియారం పెట్టాల్సిన చోట సీసాలు పెట్టారు.

ఆ సీన్ మ్యూట్‌లో చూస్తుంటే అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఎలాగూ సౌండ్ లేదు. "ఆ గది తాళం ఈ పిల్ల దగ్గరుంది, సీసాలు అయిపోతే మొగుడికి దొరికిపోతుంది" అని ఒక్క ముక్క చెప్పాను. కాసేపటికి చూస్తే చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "ఇంకెన్ని సీసాలున్నాయిరా?" అంది.

'ద బర్డ్స్' (1963)లో బడి ముందు కాకుల సీన్ కూడా ఇదే దారి. హీరోయిన్ బెంచీ మీద సిగరెట్ కాలుస్తుంటుంది, లోపల పిల్లలు పాట పాడుతుంటారు, ఆమె వెనక ఇనప కడ్డీల మీద ఒక కాకి వాలుతుంది, తర్వాత ఇంకొన్ని. ఇక్కడ ఆయన చేసిన పని నన్ను కట్టిపడేసింది: కొన్ని కాకులు చూపించాక కెమెరా ఆమె ముఖం మీదే ఉండిపోతుంది. చాలాసేపు. వెనక ఎన్ని వాలాయో మనకీ చూపించరు, మనమే మనసులో లెక్క పెట్టుకుంటూ పోతాం. చివరికి ఆమె ఎగురుతున్న ఒక కాకిని చూపుతో వెంబడించి వెనక్కి తిరిగితే ఆ కడ్డీలన్నీ నల్లగా నిండిపోయి ఉంటాయి.

అయితే మనకే ఎక్కువ తెలియాలి అని సూత్రం రాసుకుని సంబరపడుతున్నప్పుడు 'రియర్ విండో' (1954) దాన్ని కొంచెం కదిలించింది. ఆ సినిమాలో కాలు విరిగి కుర్చీలో ఉన్న జెఫ్ ఎంత చూస్తే మనమూ అంతే చూస్తాం, దాదాపు సినిమా అంతా. ఒక్కచోట మాత్రం అతను నిద్రపోతుంటే ఎదురింటివాడు నల్లబట్టల్లో ఉన్న ఒక ఆడమనిషితో బయటికి వెళ్లడం మనకే కనిపిస్తుంది. దాంతో, తెల్లారాక ఆ ఎదురింటివాడు పెళ్లాన్ని చంపేశాడని జెఫ్ గట్టిగా అంటుంటే మనకి జెఫ్ మాట మీదే అనుమానం మొదలవుతుంది. అంటే ఎక్కువ తెలియడం భయానికే కాదు, మనిషి మీద నమ్మకం తగ్గించడానికీ పనికొస్తుంది. ఆ రోజు నోట్‌బుక్‌లో సూత్రం కొట్టేసి, 'ఎవరికి, ఎప్పుడు' అని రాసుకున్నాను.

నాలుగో నెలలో నా స్క్రిప్ట్ మళ్లీ తీశాను. కథ అదే, ఒంటరి పెద్దాయన, ఆయన ఇంట్లో అద్దెకి దిగినవాడు. ఇదివరకు వాడి సంగతి ఆఖరి పేజీలో బయటపడేది. ఇప్పుడు మూడో పేజీలోనే, పెద్దాయన మాత్రల డబ్బాలో వాడు ఒక మాత్ర మార్చడం చూపించేశాను. ఆ డబ్బాకి ఏడు గదులు, ఆదివారం నుంచి శనివారం దాకా. మార్చింది శుక్రవారం గదిలో. ఇక ప్రతి రాత్రీ ఆయన ఒక గది తెరుస్తాడు, నీళ్లు తాగుతాడు, పడుకుంటాడు, అంతే, వేరే హడావిడి ఏమీ రాయలేదు.

మొన్న అదే ఫ్రెండ్‌కి పంపాను. గంట ఆగి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, "గురువారంలో ఉన్నా, నేనే చేస్తా" అని పెట్టేశాడు.