కాలీ, ఖాళీ

మంగళవారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున్న లేవగానే ఫోన్ ముట్టుకోకూడదని పోయిన వారం పెట్టుకున్న నియమం ఇవాళ కూడా నిలవలేదు. లైనక్స్ గ్రూపులో నలభై మూడు మెసేజ్‌లు. రాత్రి ఒంటిగంటకి ఒక కొత్త కుర్రాడు ప్రశ్న అడిగాడు. మిగతా నలభై రెండూ దాని మీదే.

"అన్నా, వర్చువల్‌బాక్స్‌లో కాలీ వేశాను. వైఫై కనబడట్లేదు. డబ్ల్యూలాన్ జీరో లేదు, ఈటీహెచ్ జీరో ఒక్కటే ఉంది. నెట్ మాత్రం వస్తోంది. ఎందుకు?"

లైనక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్; కాలీ దాంట్లో ఒక రకం, కంప్యూటర్ల భద్రతను పరీక్షించేవాళ్ళ కోసం పనిముట్లు నింపి తయారు చేసింది. వర్చువల్‌బాక్స్ మన కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే ప్రోగ్రామ్. డబ్ల్యూలాన్ జీరో అంటే వైఫై కార్డు, ఈటీహెచ్ జీరో అంటే తీగతో నెట్ వచ్చే ఈథర్నెట్ కార్డు. ఈ ప్రశ్న నాకు కంఠతా వచ్చు. నెలకి నాలుగైదుసార్లు వస్తుంది, పేర్లే మారతాయి. జవాబు కూడా పెద్దది కాదు. వర్చువల్ మెషీన్‌కి లాప్‌టాప్‌లో ఉన్న వైఫై కార్డు కనబడదు. వర్చువల్‌బాక్స్ దానికి ఒక ఉత్తుత్తి ఈథర్నెట్ కార్డు చూపించి, బయట వైఫైలో వస్తున్న నెట్‌నే ఆ దారిలో లోపలికి పంపుతుంది. నిజంగా వైఫై కార్డే కావాలంటే యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి గుచ్చి, దాన్ని లోపలి మెషీన్‌కి అప్పగించాలి. అంతే సంగతి. ఆ నలభై రెండు మెసేజ్‌లలో ఈ నాలుగు ముక్కలు ఎక్కడా లేవు.

ఏమున్నాయంటే: "ముందు ఉబుంటు నేర్చుకో తమ్ముడూ" (అది కొత్తవాళ్ళకి తేలికైన లైనక్స్). "పక్కింటి వైఫై కావాలా నాయనా?" నల్ల హుడీ వేసుకున్న కోతి స్టిక్కర్, మూడుసార్లు. ఒకాయన, మంచి ఉద్దేశంతోనే, తాను లైనక్స్ ఎలా నేర్చుకున్నాడో నాలుగు పేరాలు రాశాడు. అందులో అన్నీ ఉన్నాయి, వైఫై తప్ప. ఇంకొకాయన డాక్యుమెంటేషన్ చదువుకోమని లింకు పెట్టాడు. ఏ పేజీయో చెప్పలేదు, మొత్తం సైటు లింకే. ఊరి పేరు చెప్పి ఇల్లు నువ్వే వెతుక్కోమన్నట్టు.

కిందికి జరుపుతూ పోతే, ఉదయం నాలుగున్నరకి ఎవరో పెట్టింది కనబడింది: "కాలీ వాడేవాడి బుర్ర ఖాళీ." దానికి పదిహేడు నవ్వులు.

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు. ఆ మాట నాదే. మూడేళ్ళ కిందట, ఇలాంటి ప్రశ్నకే, విసుగులో కొట్టిన ప్రాస. అప్పుడు నాకూ నవ్వులొచ్చాయి. ఆ రోజు ఆ ప్రశ్న అడిగిన అబ్బాయి ఏమయ్యాడో గుర్తు లేదు. గుర్తు లేకపోవడం కూడా కాదు, అసలు చూసుకోలేదు.

వెంటనే ఏదో రాద్దామనుకున్నాను. ఆఫీసుకి టైమవుతోందని ఫోన్ జేబులో పెట్టేశాను. సాకు అనుకోండి.

ఆఫీసులో రోజంతా ఒకటే గొడవ. ఒక సర్వర్‌లో డిస్కు నూటికి నూరు శాతం నిండిపోయింది. చూస్తే, ఎప్పుడో డీబగ్గింగ్ కోసం పెట్టి తియ్యడం మర్చిపోయిన లాగ్ ఫైలు కొండలా పెరిగి కూర్చుంది. తీసేశాను. మళ్ళీ చూస్తే డిస్కు అదే నూరు. ఇంకో రెండు పాత ఫైళ్ళు తీశాను. కొంచెం తగ్గింది, అంతే. అరగంట నాలో నేనే గొణుక్కుని, చివరికి మా టీమ్‌లో పెద్దావిడని అడిగాను. ఆవిడ తన స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ప్రోసెస్ ఇంకా ఆ ఫైల్ని పట్టుకునే ఉంటుంది, ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి చూడండి" అన్నారు. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ని తెరిచి ఉంచిందో చూపించే కమాండ్ అది. నిజమే. తెరిచి ఉన్న ఫైల్ని చెరిపితే పేరు పోతుంది గానీ, దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ వదిలేదాకా చోటు తిరిగి రాదు. ఇది నాకు తెలీని విషయం కాదు, నేనే ఎంతమందికో చెప్పాను. ఆ సర్వీస్ రీస్టార్ట్ చెయ్యగానే డిస్కు సగానికి దిగింది. "ఇన్నేళ్ళ నుంచి ఏం నేర్చుకున్నారు" అని ఆవిడ అడగలేదు. నేనే గ్రూపులో ఈ ప్రశ్న వేసి ఉంటే ఎవరైనా స్టిక్కర్ పెట్టేవాళ్ళా? పెట్టరు. "జరుగుతుంటాయి గురూ" అంటారు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

ఆ సామెత అనుకోగానే 2025 ఏప్రిల్ గుర్తొచ్చింది. అప్పుడు కాలీ వాడేవాళ్ళందరికీ ఒకేసారి అప్‌డేట్లు ఆగిపోయాయి, సంతకం సరిచూడ్డానికి కీ లేదని ఎర్రర్. రిపాజిటరీ (అప్‌డేట్లు వచ్చే గోదాము) మీద, అది అసలుదేనని సంతకం చేసే కీ తమకే అందకుండా పోయిందని, కొత్తది తయారు చేశామని, దాన్ని ఎవరికి వాళ్ళు దించుకోవాలని, తప్పు పూర్తిగా తమదేనని కాలీ వాళ్ళే ప్రకటించారు. దాచలేదు, మెలికలు పెట్టలేదు. మెచ్చుకోవాలి. మా గ్రూపులో మాత్రం ఆ ప్రకటన చూడకముందు ఎర్రర్ పెట్టిన ప్రతి కొత్తవాడికీ "ఏం కెలికావు రా?" అనే పలకరింపు అందింది. ప్రకటన వచ్చాక ఎవరూ ఆ కుర్రాళ్ళకి సారీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మావాళ్ళని మరీ రాక్షసుల్ని చేసేస్తున్నానేమో. "కాలీతో మొదలుపెట్టకు" అన్న సలహా తప్పు కాదు. కాలీ డాక్యుమెంటేషన్‌లోనే దీనికి ఒక పేజీ ఉంది, లైనక్స్ అలవాటు లేనివాళ్ళకి ఇది తగినది కాదని వాళ్ళే రాసుకున్నారు. కారణాలు కూడా గట్టివే. అది డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో, ఇంకా పరీక్షలో ఉన్న టెస్టింగ్ శాఖ మీద కట్టింది, ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. నెట్‌వర్క్ సర్వీసుల్ని కావాలనే మూసి ఉంచుతుంది. ఉబుంటు కోసం రాసిన పాఠం చూసి వెబ్ సర్వర్ వేస్తే, రీబూట్ చేశాక అది లేచి ఉండదు. కొత్తవాడు తనదే తప్పనుకుని రాత్రంతా తల పట్టుకుంటాడు. బయటి రిపాజిటరీలు కలిపితే మొత్తం విరిగి కూర్చునే అవకాశం ఎక్కువ. పనివాడి పెట్టె అది, బడిపిల్లాడి సంచి కాదు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ నిజం కుర్రాడికి అందాల్సిన చోటు అతని ప్రశ్నే కదా. "నీ వర్చువల్ మెషీన్‌లో వైఫై కార్డు ఎందుకు లేదంటే" అని మొదలుపెడితే, ఇంకా ఏమేం నేర్చుకోవాలో అతనికే అర్థమవుతుంది. జవాబు మింగేసి సలహా మాత్రం ఇస్తే, వినబడేది ఒక్కటే: నువ్వు మా బాపతు కాదు.

ఆ "మా బాపతు" సంగతి నాకు బాగా తెలుసు. నేను మొదలుపెట్టింది బ్యాక్‌ట్రాక్‌తో. కాలీకి ముందు అవతారం అది, 2006లో వచ్చింది. 2013 మార్చిలో కాలీ వచ్చాక దాన్ని ఆపేశారు. లైవ్ డీవీడీ (హార్డ్ డిస్కులో వెయ్యకుండానే నేరుగా నడిచేది) పెట్టి బూట్ చేస్తే లాగిన్ అడిగేది. యూజర్ రూట్, పాస్‌వర్డ్ అదే మాట తిరగేసి టూర్. కొట్టాక నల్ల తెర మీద ఒక గీత మిణుకు మిణుకుమంటూ ఉండేది. బొమ్మలు లేవు, మెనూ లేదు. పాడైన డీవీడీ అనుకుని ఇంకోటి రాశాను. అదీ అంతే. వెళ్ళి ఇంటర్నెట్‌లో అడిగితే ఒకాయన, "ఇది కొట్టు, సరైపోతుంది" అని ఆర్ఎమ్‌తో మొదలయ్యే, ఫైళ్ళు చెరిపే కమాండ్ ఇచ్చాడు. భక్తిగా అక్షరం పొల్లు పోకుండా కొట్టాను. తెర మీద ఏవో ఎర్రర్లు గలగలా పారి, ఆ తర్వాత ఏ కమాండ్ కొట్టినా దొరకలేదంది. లైవ్ డీవీడీ కాబట్టి రీబూట్‌తో బతికిపోయాను. హార్డ్ డిస్కులో వేసుకుని ఉంటే అంతా ఊడ్చుకుపోయేది. రెండో రోజు ఇంకొకాయన ఒకే ఒక్క పదం రాశాడు: స్టార్ట్ఎక్స్. కొట్టాను. డెస్క్‌టాప్ వచ్చింది. మంచి చెప్పినవాడే గుర్తుంటాడని అంటారు గానీ, నిజం చెప్పాలంటే నాకు రెండు ఐడీలూ గుర్తున్నాయి.

అలాంటివాణ్ణి నేను ఆ ప్రాస ఎలా రాశానంటే... అలవాటైపోతుంది. అదే ప్రశ్న నూరోసారి వస్తుంటే అడిగేవాడు మొదటిసారి అడుగుతున్నాడన్నది గుర్తుండదు. ఇంకోటి కూడా ఉంది, చెప్పుకోవాలంటే సిగ్గే. ఒకణ్ణి "స్క్రిప్ట్ కిడ్డీ" (ఎవరో రాసినదాన్ని అర్థం కాకుండానే వాడేవాడు) అన్న క్షణంలో మనం అది కాదన్న ధీమా వస్తుంది. మాలో ఎన్‌మ్యాప్ రాసినవాడెవడూ లేడు, ఎయిర్‌క్రాక్ రాసినవాడూ లేడు. అందరం ఎవరో రాసిన పనిముట్టు వాడేవాళ్ళమే. కాకపోతే మాన్ పేజీ, అంటే దాని వాడుక చెప్పే పేజీ, చదివి వాడతాం, అది కూడా కొన్నిసార్లు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ కుర్రాడికి విడిగా మెసేజ్ పెట్టాను. వర్చువల్ మెషీన్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, చివర, "ఇంతకీ వైఫై ఎందుకు?" అని అడిగాను.

ఇది అడగాల్సిన ప్రశ్నే అని నా నమ్మకం. పక్కింటివాళ్ళ మీదకి పోదామని వచ్చేవాళ్ళు ఉంటారు, లేరని నేనెప్పుడూ అనను. అలాంటివాళ్ళకి సాయం చెయ్యను. కానీ అడిగి తెలుసుకోవడం వేరు, తీర్పు చెప్పేసి తర్వాత నవ్వుకోవడం వేరు.

జవాబు గంట తర్వాత వచ్చింది. పొద్దుట్నుంచీ తిట్లు తిన్నాడు కదా, జంకుతూ రాసినట్టుంది. "మా ఇంట్లో వైఫై అన్నా. పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఒక వీడియోలో రాక్‌యూ లిస్టు అని చూపించారు. మా పాస్‌వర్డ్ అందులో ఉందో లేదో చూద్దామని."

కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంత మంచి ప్రశ్న మా గ్రూపులో ఈ మధ్య ఎవరూ వెయ్యలేదు.

దీనికి వైఫై కార్డు అక్కర్లేదు, అడాప్టర్ కొనక్కర్లేదు. కొనక్కర్లేదని ముందే చెప్పడం మంచిదైంది, ఎందుకంటే అప్పటికే ఒకటి చూసి పెట్టుకున్నాడు. ఈ అడాప్టర్లది పెద్ద మాయ. ఒకే మోడల్ పేరుతో మొదటి వెర్షన్‌లో ఏథెరోస్ ఏఆర్9271 చిప్ ఉంటుంది, మానిటర్ మోడ్ (చుట్టుపక్కల వైఫై ట్రాఫిక్ అంతా వినడం) చక్కగా పనిచేస్తుంది. తర్వాతి వెర్షన్లలో అదే పేరు కింద రియల్‌టెక్ చిప్. డ్రైవర్ల తిప్పలు మొదలు. పెట్టె మీద వెర్షన్ నంబర్ చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను కొన్నప్పుడు చూసుకోలేదు, అది ఇప్పటికీ సొరుగులో ఉంది.

రాక్‌యూ లిస్టు కాలీలో ముందే ఉంటుంది, వర్డ్‌లిస్ట్స్ ఫోల్డర్‌లో, జీజిప్‌తో కుదించి. 2009లో ఒక కంపెనీ నుంచి బయటికి పోయిన పాస్‌వర్డ్‌లు అవి. వాటిని ఏ రక్షణా లేకుండా ఉన్నదున్నట్టు రాసి పెట్టుకున్నారు మహానుభావులు. 1.4 కోట్లకి పైగా వరసలు. విప్పడానికి ఒక కమాండ్, వెతకడానికి గ్రెప్. "పాస్‌వర్డ్ మాత్రం నాకు చెప్పకు" అన్నాను.

ఐదు నిమిషాలకి, "అన్నా పన్నెండు వచ్చాయి!" అని ఆత్రంగా మెసేజ్. గ్రెప్ మామూలుగా అయితే మాట మధ్యలో తగిలినా చూపిస్తుంది, మొత్తం వరస సరిగ్గా అదే కావాలంటే మైనస్ ఎక్స్ పెట్టాలి అని చెప్పాను. మళ్ళీ నిశ్శబ్దం. తర్వాత:

"ఒకటి ఉంది."

ఇంకో పది నిమిషాలకి:

"రౌటర్‌లో మార్చేశాను అన్నా."

కమాండ్‌లో కొట్టిన పాస్‌వర్డ్ షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల చిట్టాలో, ఉండిపోతుందన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. పాతది ఎలాగూ చచ్చిపోయింది కదా అని ఊరుకున్నాను. రేపు చెప్తాను, అదొక పాఠం.

నేర్చుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాడు. ఓవర్‌ద్‌వైర్‌ అనే సైటులో బ్యాండిట్ అని ఒక ఆట ఉంది, ఎస్ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న వాళ్ళ కంప్యూటర్ లోపలికి వెళ్ళి ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డ్ వెతుక్కుంటూ పైకి పోవాలి. ఎవరి ఇంటి తలుపూ తట్టక్కర్లేదు. నువ్వు వాడేది కాలీయా ఉబుంటూవా అన్నది అక్కడ ఎవరికీ పట్టదు. అది చెప్పాను. ఉబుంటు కూడా ఒకసారి వేసి చూడమన్నాను, ఎందుకో చెప్పి. "సరే అన్నా" అన్నాడు. పొద్దున్న పదిమంది చెప్పిన మాటే.

తర్వాత గ్రూపు తెరిచి నా ప్రాస కోసం వెతికాను. మూడేళ్ళలో ముప్ఫై ఒక్కసారి వాడారు. మొదటిది నాది. అది చెరిపేశాను. మిగతా ముప్ఫై నా చేతిలో లేవు. ప్రోసెస్ ఇంకా పట్టుకునే ఉంది. కుర్రాడి ప్రశ్న కింద అసలు జవాబు కూడా పెట్టాను, నలభై నాలుగో మెసేజ్‌గా. ఒక్క బొటనవేలు వచ్చింది. కోతి స్టిక్కర్ పెట్టినాయనే.

ఇది రాస్తుండగా మళ్ళీ ఫోన్ మోగింది. బ్యాండిట్‌లోంచి ఆ కుర్రాడే. "అన్నా, ఇక్కడ ఫైలు పేరే డ్యాష్. ఉత్త డ్యాష్. క్యాట్ కొడితే ఏమీ రాకుండా అలా ఆగిపోయింది. హ్యాంగ్ అయిందా?"

క్యాట్ ఫైల్లో ఉన్నది చూపించే కమాండ్, ఉత్త డ్యాష్ ఇస్తే దానికి కీబోర్డు అని అర్థం. హ్యాంగ్ కాలేదు, నువ్వేం టైప్ చేస్తావా అని ఎదురు చూస్తోంది అని రాశాను. జవాబు కూడా రాసి, పంపే ముందు ఆ సగం చెరిపి, "ఫైలు పేరొక్కటే కాకుండా, అదెక్కడుందో కూడా కలిపి చెప్పి చూడు" అని పంపాను.

టైప్ చేస్తున్నట్టు కనబడింది. ఆగింది. మళ్ళీ కనబడుతోంది.