సూది పట్టే చెయ్యి కనబడాలి

బ్రిటన్‌లోనో గల్ఫ్‌లోనో వార్డులో పనిచేసే నర్సుకి విశాఖలో గాజువాకలోనో ఆరిలోవలోనో షుగరుకి ఇన్సులిన్ వేసుకునే అమ్మ ఉంటుంది. డ్యూటీ దిగి ఫోన్ చేసి ఏమడిగినా ఒకటే జవాబు: "బాగానే ఉన్నానమ్మా, నువ్వు తిన్నావా?" దీన్నిబట్టి తెలిసేదేమీ లేదు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ కోసం విదేశీ నర్సులు దాటాల్సిన ఓస్కీ పరీక్షలో పని చేయించి, చేతులు చూసి మార్కులేస్తారు. ఇంటికీ అదే పద్ధతి పనికొస్తుంది. ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టించి, ఇన్సులిన్ సీసా తీసిన దగ్గర్నుంచి సూది పారేసేదాకా చేయించి చూడాలి. ఉదయం ఏడున్నర సూది అంటే బ్రిటన్‌లో చలికాలం రాత్రి రెండు గంటలు. రోజూ కుదరదు, వారానికొకసారి చాలు.

ముందు సిరంజి మూత రంగు చూడండి. మన మందుల షాపుల్లో మామూలుగా ఇచ్చే ఇన్సులిన్ సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. విదేశాల్లో 100 యూనిట్లది, ఆరెంజ్ మూత. "అక్కడి సూదులు సన్నగా ఉంటాయి, నొప్పుండదు" అని సెలవులకొస్తూ తెచ్చిన ప్యాకెట్టుతో ఇక్కడి సీసాలోంచి 20 గీత దాకా లాగితే ఒంట్లోకెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు, డాక్టరుగారు డోసు పెంచుతారు. ప్యాకెట్టు అయిపోయి మళ్లీ ఎర్ర మూతకొచ్చిన రోజున ఆ పెంచిన డోసు మొత్తం ఒంట్లోకెళ్లి మనిషి పడిపోతారు. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్ను పాడైందని, 100 యూనిట్ల మందుండే దాని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్లేది 50 యూనిట్లు.

మీటరుతోనూ ఇదే తంటా. బ్రిటన్‌లో కొన్న మీటరు 9 అని చూపిస్తుంది. ఇంట్లోవాళ్లు షుగరు అడుగంటిందని హడలిపోయి చక్కెర నీళ్లు తాగిస్తారు. అక్కడి కొలత వేరు (మిల్లీమోల్). 18తో హెచ్చవేస్తే మన మిల్లీగ్రాముల లెక్కలో అది 162. పైగా ఆ స్ట్రిప్పులు ఇక్కడ దొరకకపోవచ్చు. మీటరు విశాఖలోనే కొనిపెట్టడం మేలు.

మన లెక్కలో నిజంగానే 70 కన్నా దిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడాలి. లడ్డూ వద్దు. అందులో నెయ్యి వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ నంబరు, పక్కింటి పిన్నిగారి నంబరు ఫ్రిజ్ తలుపు మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

ఆ ఫ్రిజ్‌లో సీసా ఎక్కడుందో కూడా చూపించమనండి. డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖ అంతా రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు రెండు మట్టి కుండలు, మధ్యలో తడి ఇసుక, లోపలి కుండలో కవరులో చుట్టిన సీసా పెడితే గడిచిపోతుంది. తుపాను కబురు వినగానే కుండ సిద్ధం చేయించండి.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకోవడం నేర్పే మన నర్సింగ్ పీజీ థీసిస్‌లలో తరచూ కనిపించే వరస ఒకటుంది. ఒక ప్రశ్నపత్రం, ఒక పాఠం, వారం తర్వాత మళ్లీ అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి. అవే ప్రశ్నలైతే పెరగకేం చేస్తాయి? ఆ పాఠం విన్నది పెద్దావిడ. ఇంట్లో మందు లాగేది, గీతలు చూసేది మాత్రం తొమ్మిదో తరగతి మనవడు. సూది వేసే మనిషెవరో మొదటే అడిగి, ఆ మనిషి చేతే చేయించి, మెట్టుమెట్టుకీ టిక్కు పెట్టుకుంటే ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. పాలలా ఉండే ఇన్సులిన్‌ని అరచేతుల మధ్య దొర్లించకుండానే లాగేస్తారు. నొప్పి తెలియట్లేదని రోజూ బొడ్డు పక్కన ఒకేచోట గుచ్చుతారు. అక్కడ గడ్డలా గట్టిపడి మందు సరిగా ఒంటికి పట్టదు.

కాల్ పెట్టేసేముందు ఫోన్ అరికాళ్లవైపు తిప్పించాలి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. షుగరు వల్ల స్పర్శ తగ్గిన కాలికి రాయి గుచ్చుకున్నా, బొబ్బ చితికినా తెలియదు. వద్దంటే అమ్మ వినదు. మొక్కు కదా. ఇంటికి రాగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో ఒక్కో వేలూ విడదీసి చూపించమని మనవడికి చెప్పండి.