నెగెటివ్ అంటే మంచిదే నాన్నా

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న వరండాలో కూర్చుని ఉన్నారు. చేతిలో అమ్మ బయాప్సీ రిపోర్ట్, అదే, క్యాన్సరేమోనని ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చేసిన పరీక్షది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నెగెటివ్ అని వచ్చిందిరా" అన్నారు. అమ్మ దేవుడి గదిలోంచి బయటికే రాలేదట.

కాగితం లాక్కుని చదివాను. 'నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ'. అంటే క్యాన్సర్ కణాలు కనిపించలేదని! ల్యాబ్ భాషలో నెగెటివ్ అంటే వెతికింది దొరకలేదని మాత్రమే. మనకేమో 'నెగెటివ్‌గా మాట్లాడకు' అని విని విని, ఆ మాట వింటేనే కీడు. 2021లో ఇదే ఇంట్లో కరోనా నెగెటివ్ రావాలని మొక్కుకున్నాం కూడా. భయంలో అదీ గుర్తు రాలేదు పాపం.

ఆమధ్య స్కాన్ రిపోర్టులో 'అన్‌రిమార్కబుల్' అని చూసి నేనూ కంగారుపడ్డాను. తేడాగా ఏమీ కనిపించలేదని దానర్థం.

రిపోర్ట్ చేతికిచ్చేటప్పుడు తెలుగులో ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. రెండు గంటలు నరకం చూశారు ఇద్దరూ.

విషయం చెప్పగానే నాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ బయటికొచ్చి, "పొద్దున్నుంచీ మీ నాన్న ఏమీ తినలేదురా, అన్నం పెడతాను రండి" అంది.