గంట చాలట!

"రూడెస్‌హైమ్‌కి గంట చాలు. డ్రోసెల్‌గాస చూసి, ఐస్‌క్రీమ్ తిని, కోబ్లెంజ్ వెళ్లిపోవచ్చు." జర్మనీలో రైన్ ఒడ్డున ఉన్న ఈ వైన్ ఊరి గురించి పొద్దున గ్రూపులో ఎవరో పెట్టిన ఈ ముక్క రాత్రి పదకొండైనా నన్ను వదలడం లేదు. కింద బోలెడు లైకులు. అందులో పిన్నిది కూడా ఒకటి. వచ్చే శనివారం మాతో అక్కడికి వచ్చేది తనే కదా! మా ఆయన యథాప్రకారం "గంటో, రెండో, నీకెందుకు, పడుకో" అని అటు తిరిగారు.

గంట చాలేది డ్రోసెల్‌గాస అనే ఆ సందుకి. ఊరికి కాదు. దాని పొడవు 144 మీటర్లు, వెడల్పు ఏ రెండు మీటర్లో. మధ్యాహ్నం పన్నెండుకి వెళ్తే క్రూజు ఓడలు దింపిన జనమంతా అందులోనే ఉంటారు. ముందువాళ్ల వీపు తప్ప ఏమీ కనపడదు. బ్యాండు వాయిస్తూ ఉంటుంది, నీలం సీసాలో తియ్యటి వైన్ అమ్ముతూ ఉంటారు, అది కొనుక్కొచ్చి "జర్మన్ వైన్ అంటే పానకం" అని తీర్పు చెప్పేస్తారు మనవాళ్లు.

అసలు సంగతి కొండ మీద ఉంది. రైన్ నది ఉత్తరానికి పోతూ పోతూ వీస్‌బాడెన్ దగ్గర టౌనుస్ కొండలు అడ్డొచ్చి పడమటికి తిరుగుతుంది. సుమారు 30 కిలోమీటర్లు అలా పోయి, బింగెన్ దగ్గర మళ్లీ ఉత్తరం పడుతుంది. దాంతో కుడిగట్టు కొండలన్నీ దక్షిణం ఎండకి ముఖం పెట్టి కూర్చున్నాయి. వెనక అడవి చలిగాలిని ఆపుతుంది, ముందు నీళ్లు పగటి వేడిని రాత్రికి కొంత దాచిపెడతాయి. 50వ అక్షాంశం దగ్గర ద్రాక్ష పండాలంటే ఈ మూడూ కుదరాలి. ఊరికి పడమట బెర్గ్ ష్లోస్‌బెర్గ్, బెర్గ్ రోట్‌లాండ్, బెర్గ్ రోజెనెక్ అనే తోటలు పలకరాయి, స్ఫటికశిల కలిసిన నేలలో నిలువుగా లేచి ఉంటాయి. అక్కడ చాలా పని చేత్తోనే. సందులో తిరిగేవాళ్లు తలెత్తితే కనిపించేవే, ఎత్తరు.

సీసా కొనేటప్పుడు పేరు కంటే ముందు ఆల్కహాలు శాతం చూడాలి. ద్రాక్షలో చక్కెరే ఆల్కహాలుగా మారుతుంది కాబట్టి, రీస్లింగ్ అనే ఇక్కడి తెల్ల ద్రాక్ష వైన్ సీసా మీద 8, 9 శాతం ఉందంటే చక్కెర పూర్తిగా పులియలేదు, తీపి మిగిలింది. 12 దాటితే దాదాపు తీపి లేనట్టే. 'ట్రోకెన్' అని ఉంటే లీటరుకి 9 గ్రాముల లోపు చక్కెర, 'హాల్బ్‌ట్రోకెన్' అంటే మామూలుగా 18 లోపు. 'కాబినెట్', 'ష్పేట్‌లేజె' అన్నవి కోసేనాటికి ద్రాక్ష ఎంత పండిందో చెప్తాయి, గ్లాసులో తీపి గురించి కాదు. ఈ తేడా తెలియక "పుల్లగా ఉంది, పాడైపోయింది" అనేవాళ్లున్నారు. పాడవలేదు. చింతపండుకి పులుపు ఎక్కడిదో దీనికీ చాలావరకు అక్కడిదే, టార్టారిక్ ఆమ్లం. ఫ్రిజ్‌లో పెట్టాక సీసా అడుగున తెల్లటి పలుకులు చేరితే గాజుముక్కలని పారబోయకండి. చలికి ఆ ఆమ్లం పొటాషియంతో కలిసి గట్టిపడింది, అంతే. కుదపకుండా మెల్లగా పోసుకుంటే అడుగునే ఉండిపోతాయి.

ఇక పట్టాల గోల. బ్రోషర్ ఫొటోల్లో నది, ఊరు అన్నదమ్ముల్లా ఆనుకుని ఉంటాయి. నిజానికి మధ్యలో రైలు లైను ఉంది. అదీ హాలండ్ రేవుల నుంచి ఇటలీకి పోయే గూడ్సు బళ్ల దారి. గేటు పడితే ఒక బండి పోగానే లేస్తుందనుకోవద్దు, ఎదురుబండి కోసం అలాగే ఉంచేస్తారు. ఓడ ఎక్కాలంటే పది నిమిషాలు ముందే పట్టాలు దాటి ఉండాలి. లేకపోతే గేటుకి ఇవతల నిలబడి ఓడకి టాటా చెప్పడమే. రాత్రి ఉండేవాళ్లు "నది కనిపించే గది" అని ఎక్కువ డబ్బిచ్చి తీసుకుంటారు. నదికంటే ముందు గూడ్సు వినిపిస్తుంది. పెరటివైపు గది అడగండి. మైన్జ్ నుంచి కోబ్లెంజ్ దాకా రైన్ మీద ఒక్క వంతెన లేదు, కాబట్టి అటు గట్టున గది తీసుకుంటే ఫెర్రీ వేళలు కూడా చూసుకోవాలి.

ఈ ఊరి కాఫీ గురించి చెప్పాలి. హూగో ఆస్‌బాఖ్ 1892లో ఇక్కడ బ్రాందీ కంపెనీ పెట్టాడు. 1957లో హాన్స్ కార్ల్ ఆడమ్ అనే టీవీ వంటగాడు ఆ బ్రాందీతో రూడెస్‌హైమ్ కాఫీ తయారుచేశాడు. దానికి ప్రత్యేకంగా ఎత్తు కప్పు ఉంటుంది. అందులో మూడు చక్కెర బిళ్లలు, మీద 40 మిల్లీలీటర్ల వెచ్చబెట్టిన బ్రాందీ. పొడుగు అగ్గిపుల్లతో అంటించి, పొడుగు చెంచాతో నిమిషంపాటు కలుపుతారు. బిళ్లలు కరిగాక వేడి కాఫీ, అంచుకి రెండు సెంటీమీటర్లు కిందదాకా. పైన వెనిల్లా చక్కెర వేసి గిలక్కొట్టిన క్రీమ్, చాక్లెట్ తురుము. బ్రాందీ చల్లగా ఉంటే ఆవిరి చాలదు, మంట అంటుకోదు. కప్పు చల్లగా ఉన్నా అంతే, అంటుకున్నది కూడా ఆరిపోతుంది. ఒక కఫేలో పెద్దావిడ మొదటి పుల్ల ఆరగానే రెండోది గీయలేదు, కప్పు పక్కనపెట్టి వేడినీళ్లతో కడిగిన ఇంకో కప్పు తెచ్చింది. మంటకి కంగారుపడి వెంటనే కాఫీ పోసేస్తే అడుగున చక్కెర, పైన ఘాటు. క్రీమ్‌ని కలపకూడదు, దాని కిందనుంచే తాగాలి. నిమిషం మండినంత మాత్రాన మందంతా పోదు. బండి నడిపేవాళ్లూ, ముట్టనివాళ్లూ దీన్ని కాఫీ అనుకుని తాగేయొద్దు. పిన్నికి ద్రాక్షరసం చెప్తే సరి, వైన్ అమ్మేచోట చాలావరకు అదీ ఉంటుంది.

సందుని ఇంత తిట్టాక గుర్తొస్తోంది, పిన్నికి మోకాళ్ల నొప్పులు. కేబుల్ కారు ఫర్వాలేదు. 1954 నుంచి నడుస్తోంది, ఇద్దరేసి పట్టే తొట్టెలు, 1,400 మీటర్లు, తోటల మీదుగా పది నిమిషాలు. పైన గెర్మానియా విగ్రహం దగ్గర బెంచీలున్నాయి. 1871లో జర్మనీ ఒకటైనందుకు కట్టి, 1883లో ఆవిష్కరించారు, పీఠంతో కలిపి 38 మీటర్లు. ఆవిష్కరణనాడే చక్రవర్తిని పేల్చేద్దామని అరాచకవాదులు డైనమైట్ పెట్టారు, రాత్రి వానకి వత్తి తడిసి తుస్సుమంది. కానీ అక్కణ్నుంచి అడవిలో నడిచి, కుర్చీల లిఫ్టులో ఆస్‌మన్స్‌హౌజెన్ దిగి, ఆ ఊరి ఎర్ర వైన్ రుచి చూసి, రైల్లో ఒక్క స్టేషను వెనక్కి రావడం అనే నా ముద్దుల ప్లాను పిన్నితో కుదరదు. లిఫ్టు కుర్చీ మనకోసం ఆగదు, అది కదులుతూ ఉండగానే కూర్చోవాలి.

మరి పిన్నికేం మిగిలింది? సందే. చదునుగా లేకపోయినా చిన్నది, ప్రతి పది అడుగులకీ కూర్చోడానికి చోటు, పాట, మా పిల్లకి ఐస్‌క్రీమ్. "అంతా నకిలీ పాతదనం" అని నేనే అంటూ ఉంటాను. 1944 నవంబరు 25 బాంబులకి ఊరు బాగా దెబ్బతింది, తర్వాత మళ్లీ కట్టుకున్నదే చాలా ఉంది. కూలిన ఊరు మళ్లీ బతకడానికి పాటలూ కాఫీలూ పెట్టుకుంటే దాన్ని నకిలీ అనడం బాగాలేదేమో. పదిగంటలకి, ఓడల జనం దిగకముందే వెళ్తే గోడలూ చెక్కలూ కూడా కనిపిస్తాయి. అంటే ఆ గ్రూపు మనిషి చెప్పిన గంట కొందరికి సరిపోతుంది. కోబ్లెంజ్ మాత్రం అదే రోజు వద్దు.

భోజనానికి సందు వదిలి, గుమ్మానికి కొమ్మల గుత్తి కట్టిన ఇల్లు వెతకాలి. అది ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్, సొంత తోట వైన్ మాత్రమే పోసే రైతు ఇల్లు. ఏడాదిలో నాలుగు నెలలే తెరుస్తారు, కాబట్టి ముందే చూసుకోవాలి. మాంసం తిననివాళ్లకి ష్పుండెకేస్ అనే జున్ను ముద్ద, ప్రెట్జెల్. ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి రొట్టె చెప్తే పందిమాంసం వద్దని గట్టిగా చెప్పాలి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆర్‌బీ 10 రైలు ఎక్కి కుడివైపు కూర్చోవాలి. వీస్‌బాడెన్‌లో బండి వచ్చిన వైపుకే తిరిగి బయల్దేరుతుంది, అప్పుడు మన కిటికీ నదివైపు వస్తుంది. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ దీనికి చెల్లుతుంది, కేబుల్ కారుకి చెల్లదు. పదికల్లా అక్కడుండాలంటే ఎనిమిదిన్నరకే స్టేషన్లో ఉండాలి. చిన్నదాన్ని శనివారం ఏడుకి లేపే పని మా ఆయనది. ఇప్పుడు నిద్రపోతున్నారు, పొద్దున్నే చెప్తాను.